కన్సోలా, గేమింగ్ పీసీనా: ఇప్పుడు కొనేవాళ్లు వేయాల్సిన లెక్క

పదేళ్ల కిందట ఈ ప్రశ్నకు జవాబు తేలిగ్గా ఉండేది. తక్కువ డబ్బుతో, ఏ తలనొప్పీ లేకుండా టీవీకి తగిలించి ఆడుకోవాలంటే కన్సోల్. ఖర్చుకు వెనకాడకపోతే, సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక ఉంటే పీసీ. సోనీ ఆటలే కావాలంటే ప్లేస్టేషన్ తప్ప దారి లేదు. ఈ మూడింట్లో ఏదీ ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. కన్సోల్ చవక కావడం మానేసింది. సోనీ ఆటలు కొంత ఆలస్యంగానైనా పీసీకి వస్తున్నాయి. పీసీ కూడా చిన్న డబ్బాగా మారి టీవీ కిందకు చేరుతోంది.

అలాగని ఏది కొన్నా ఒకటేనని కాదు. తేడా ఉంది, కాకపోతే అది చోటు మారింది. ఇదివరకు తేడా యంత్రంలో ఉండేది, ఇప్పుడు దుకాణంలో ఉంది. రేపు మీరు కొనే ఆటలన్నీ ఎవరి దుకాణంలో, ఎవరి షరతుల మీద, ఎన్నేళ్లు ఉంటాయన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. యంత్రం వేగాన్ని చెప్పే టెరాఫ్లాపులు, ఫ్రేముల లెక్కలు దాని తర్వాతే.

డబ్బాల లోపల ఉన్నది ఒకే సరుకు

సోనీ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) లోనూ, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లోనూ ఉన్నవి ఏఎండీ కంపెనీ చిప్‌లే. ఎనిమిది కోర్ల జెన్ 2 ప్రాసెసర్, ఆర్‌డీఎన్ఏ 2 తరం గ్రాఫిక్స్, 16 జీబీ మెమరీ. అంటే 2020లో దొరికిన ఒక మోస్తరు మంచి పీసీని చిన్న పెట్టెలో సర్దినట్టే. పీఎస్3 కాలంలో సెల్ అని ఎవరికీ ఒక పట్టాన కొరుకుడుపడని ప్రాసెసర్ ఉండేది. దానికోసం రాసిన ఆటను ఇంకో చోటికి తేవడమంటే స్టూడియోలకు ప్రాణసంకటంగా ఉండేది. ఇప్పుడు ఆ గోడ లేదు. అందుకే ఆటలు అటూ ఇటూ తేలిగ్గా కదులుతున్నాయి.

సోనీ 2020 ఆగస్టులో హొరైజన్ జీరో డాన్‌ను పీసీకి తెచ్చింది. 2022లో గాడ్ ఆఫ్ వార్, స్పైడర్‌మ్యాన్ వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో హెల్‌డైవర్స్ 2 ఒకే రోజున పీఎస్5 లోనూ పీసీలోనూ విడుదలైంది. మైక్రోసాఫ్ట్ ఇంకా ముందుకెళ్లింది. ఫోర్జా హొరైజన్ 5 ని 2025 ఏప్రిల్‌లో పీఎస్5 కి ఇచ్చింది, అదే ఏడాది ఆగస్టులో గేర్స్ ఆఫ్ వార్ ఇచ్చింది. ఎక్స్‌బాక్స్‌కు ఇరవై ఏళ్లకు పైగా ముఖచిత్రంగా ఉన్న హేలో కూడా ప్లేస్టేషన్‌కు వెళ్తుందని ఆ అక్టోబరులో ప్రకటించింది. 2005లో ఎవరైనా ఈ మాట అని ఉంటే నవ్వి ఊరుకునేవాళ్లం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. సోనీ కథాప్రధాన ఆటలు పీసీకి రావడానికి సాధారణంగా ఏడాదో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అది కంపెనీ దయ, మన హక్కు కాదు. లెక్కలు గిట్టకపోతే రేపు ఆ తలుపు మళ్లీ మూసేయొచ్చు. సోనీ ఆటలు మొదటి వారమే ఆడితే తప్ప నిద్రపట్టని వాళ్లకు పీఎస్5 ఒక్కటే దారి, ఇవాళ్టికీ.

కన్సోల్ ధర ఎందుకు దిగడం లేదు

కన్సోల్ కొనేవాళ్లకు తరతరాలుగా ఒక చిట్కా ఉండేది: రెండు మూడేళ్లు ఆగు, ధర పడిపోతుంది. 2000లో అమెరికాలో 299 డాలర్లకు వచ్చిన పీఎస్2, 2009 నాటికి 99 డాలర్లకు దిగింది. 2013లో 399 డాలర్లకు వచ్చిన పీఎస్4, మూడేళ్లలోపే స్లిమ్ రూపంలో 299 అయింది. పీఎస్5 విషయంలో కథ తిరగబడింది. 2020లో 499 డాలర్లు ఉన్నది 2025 ఆగస్టులో 549.99 కి పెరిగింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అదే ఏడాది రెండుసార్లు పెరిగి 499 నుంచి 649.99 కి చేరింది. మన దగ్గర 2021 ఫిబ్రవరిలో డిస్క్ పీఎస్5 49,990 రూపాయలకు మొదలైంది. 2022 చివర్లో 54,990 అయింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన స్లిమ్ కూడా అదే 54,990.

దీనికి కారణం ఒక్క కంపెనీ అత్యాశ మాత్రమే కాదు. ఇదివరకు చిప్‌ను చిన్నది చేసే కొద్దీ తయారీ ఖర్చు తగ్గేది, ఆ ఆదాను కంపెనీలు ధర తగ్గింపుగా ఇచ్చేవి. ఇప్పుడు కొత్త తయారీ పద్ధతికి మారినా ఖర్చు అంతగా తగ్గడం లేదు. పైన అమెరికా సుంకాలు, ఆ పైన మెమరీ కరువు. కాబట్టి ఇంకో ఏడాది ఆగితే పీఎస్5 నలభై వేలకు వస్తుందని కూర్చోవడం దండగ. దీపావళి, సంక్రాంతి సేల్స్‌లో కొన్ని వేలు తగ్గించి ఇస్తుంటారు, అప్పుడు పట్టేసుకోవడమే.

పీసీకి వచ్చిన మెమరీ దెబ్బ

పీసీ వాళ్లు నవ్వుకోవడానికి ఏమీ లేదు, వాళ్ల పరిస్థితి ఇంకా ఇబ్బందికరంగా ఉంది. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు చూసినవాళ్లకు కళ్లు తిరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను టోకున ఎగరేసుకుపోతుండటంతో మామూలు కొనుగోలుదారుకు మిగిలేది తగ్గిపోయింది. కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ కిట్ల ధరలు కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటాయి. ఏళ్లుగా మన షాపుల్లో క్రూషల్ పేరుతో ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మిన మైక్రాన్ కంపెనీ, ఆ వినియోగదారుల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. డేటా సెంటర్లకు అమ్మితేనే ఎక్కువ లాభమని తేల్చుకుందన్నమాట.

దీని ప్రభావం మీ కొటేషన్ కాగితం మీద నేరుగా కనిపిస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనో, ఆన్‌లైన్‌లోనో అసెంబుల్డ్ పీసీకి కొటేషన్ తీసుకుంటే ఇదివరకు గ్రాఫిక్స్ కార్డు లైను చూసి గుండె పట్టుకునేవాళ్లం. ఇప్పుడు ర్యామ్, ఎస్ఎస్‌డీ లైన్ల దగ్గరా ఆగాల్సి వస్తోంది. పాత పీసీ నుంచి పనికొచ్చే ఎస్ఎస్‌డీ, క్యాబినెట్, మానిటర్ ఏదున్నా వదలకండి. మీ మదర్‌బోర్డు పాత తరం డీడీఆర్4 ర్యామ్‌దైతే, ర్యామ్ ఇప్పటికే 16 జీబీ ఉంటే, మొత్తం మార్చకుండా గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మార్చడం ఈ ఏడాదికి తెలివైన పని.

గ్రాఫిక్స్ కార్డు గురించి ఒక్క మాట కచ్చితంగా చెప్తాను. 8 జీబీ మెమరీ ఉన్న కొత్త కార్డు కొనకండి. ఆర్‌టీఎక్స్ 5060 వేగంలో బాగానే ఉంటుంది, కానీ ఇప్పటి పెద్ద ఆటల్లో టెక్స్చర్లు (బొమ్మల ఉపరితల వివరాలు) హై మీద పెడితే 8 జీబీ చాలడం లేదు. కన్సోల్ 16 జీబీలో సింహభాగం గ్రాఫిక్స్‌కే వాడుకోగలదు, ఆటలు రాసేవాళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకునే రాస్తారు. కొంత ఎక్కువైనా 16 జీబీ ఉన్న ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ లేదా 5060 టీఐ 16 జీబీ మోడల్ వైపు వెళ్లండి. బడ్జెట్ అంతవరకు సాగకపోతే, నా సలహా పీసీ వాయిదా వేసి పీఎస్5 చూడమనే.

అసలు విషయం: దుకాణం

కన్సోల్ ఒకే కొట్టున్న పల్లె లాంటిది. సరుకు బాగానే ఉంటుంది, కానీ ధర ఆ కొట్టువాడు చెప్పిందే. పీసీ సంత. స్టీమ్, ఎపిక్, గాగ్, మైక్రోసాఫ్ట్ స్టోర్ అనే ఆన్‌లైన్ దుకాణాలు, పక్కన ఆటల యాక్టివేషన్ కోడ్‌లు అమ్మే అధీకృత సైట్లు, అన్నీ ఒకదానితో ఒకటి పోటీ పడాల్సిందే.

స్టీమ్ 2015 నవంబరు నుంచి రూపాయల్లో అమ్ముతోంది. చాలా ఆటలకు భారత్ ధర డాలర్ ధర కంటే తక్కువగా పెడతారు, కాకపోతే ఆ వెసులుబాటు క్రమంగా సన్నబడుతోంది. వేసవి, శీతాకాలం సేల్స్‌లో రెండు మూడేళ్ల కిందటి పెద్ద ఆటలు వెయ్యి లోపు దొరకడం మామూలే. ఎపిక్ అయితే 2018 డిసెంబరు నుంచి ఆటలు ఉచితంగా ఇస్తూనే ఉంది. వారం వారం వెళ్లి తీసుకుంటే చాలు, ఆడినా ఆడకపోయినా లైబ్రరీలో ఉంటుంది. (నా లైబ్రరీలో ఆడనివే ఎక్కువ. ఎపిక్ వాళ్లకు కూడా ఆ సంగతి తెలిసే ఉంటుంది.)

ప్లేస్టేషన్ స్టోర్‌లోనూ సేల్స్ ఉంటాయి, మంచివే ఉంటాయి. కానీ కన్సోల్‌కు ఉన్న అసలు ఆయుధం స్టోర్ కాదు, డిస్క్. కొత్త ఆట డిస్క్ ఐదు వేలకు అటూ ఇటూ కొని, నెలలో పూర్తి చేసి, మూడు వేలకు పైన అమ్మేసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ డిస్కులు అమ్మే షాపులు, అద్దెకిచ్చేవాళ్లు, మార్పిడి గ్రూపులు మన నగరాల్లో గట్టిగానే ఉన్నాయి. పీసీలో కొన్న ఆటను ఇలా అమ్ముకునే వీలే లేదు. అందుకే కన్సోల్ కొంటే డిస్క్ ఉన్నదే కొనండి. కొన్ని వేలు తక్కువని డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ మోడల్ తీసుకుంటే, ఆ మిగులు కొద్ది ఆటల్లోనే తిరిగి పోతుంది. ఉన్న ఒక్క బేరాన్నీ మన చేతులతో మనమే వదులుకున్నట్టు అవుతుంది.

ఆన్‌లైన్ ఆటకు ఇంకో లెక్క ఉంది. కన్సోల్‌లో డబ్బు పెట్టి కొన్న ఆటను ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా తప్పనిసరి. కనీస ప్లాన్ ఏడాదికి దాదాపు నాలుగు వేలు. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకు ఇది అక్కర్లేదు. పీసీలో ఈ చందానే లేదు. ఐదేళ్లకు ఇరవై వేలంటే పీసీకి, కన్సోల్‌కి మధ్య ఉన్న తేడాలో చెప్పుకోదగ్గ భాగం.

ఉజ్జాయింపుగా చూద్దాం. పీఎస్5 యాభై ఐదు వేలు, రెండో కంట్రోలర్ ఆరు వేలకు అటూ ఇటూ, ఐదేళ్ల చందా ఇరవై వేలు. మొత్తం ఎనభై వేల పైమాటే, టీవీ ఇంట్లో ఉందనుకుని. అదే స్థాయిలో ఆడగలిగే పీసీ, మానిటర్, కీబోర్డు, యూపీఎస్‌తో కలిపి ఇవాళ్టి ధరల్లో లక్షకు అటూ ఇటూ. ఏడాదికి రెండు మూడు పెద్ద ఆటలు మాత్రమే ఆడి, డిస్కులు అమ్ముకునేవాళ్లకు కన్సోల్ చవక. పది పదిహేను ఆటలు, అందులో చిన్నవీ పాతవీ ఎక్కువ ఆడేవాళ్లకు పీసీ చవక. ఆన్‌లైన్ పెయిడ్ ఆటలు ఆడకపోతే ఆ ఇరవై వేలు తీసేయండి, తరాజు మళ్లీ కన్సోల్ వైపు మొగ్గుతుంది.

ఇక సొంతం అన్న మాట. డిజిటల్‌గా కొన్న ఆట ఎక్కడైనా లైసెన్సే, సొత్తు కాదు. కాలిఫోర్నియా చట్టం వచ్చాక 2024 అక్టోబరు నుంచి స్టీమ్ కూడా చెల్లించే పేజీలోనే ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద దుకాణాల్లో ఇన్‌స్టాలర్ ఫైలును దాచుకోనిచ్చేది గాగ్ ఒక్కటే అనుకోవచ్చు. అయినా ఆచరణలో పీసీ లైబ్రరీకి ఆయుష్షు ఎక్కువ. 2005లో స్టీమ్‌లో కొన్న ఆట ఇవాళ్టి పీసీలోనూ నడుస్తుంది. పీఎస్5 లో పీఎస్4 ఆటలు దాదాపు అన్నీ నడుస్తాయి, కానీ మీ దగ్గరున్న పీఎస్3 డిస్క్ పెడితే నడవదు.

జీటీఏ 6 కోసం ఎదురుచూసేవాళ్లకు

చాలామంది ఈ ప్రశ్న అడిగేది నిజానికి ఈ ఒక్క ఆట గురించే, కాబట్టి దాచడం ఎందుకు. 2025 నవంబరులో దాన్ని తయారుచేసే రాక్‌స్టార్ కంపెనీ ప్రకటించిన విడుదల తేదీ 2026 నవంబరు 19. ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ లకే. పీసీ ఊసు లేదు. పాత చరిత్ర చూస్తే జీటీఏ 5 కన్సోల్‌కు 2013 సెప్టెంబరులో, పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కి ఏడాది తేడా. కాబట్టి మొదటి రోజే ఆడాలంటే కన్సోల్ కావాలి, ఏడాదో ఏడాదిన్నరో ఓపిక పట్టి మోడ్‌లతో (అభిమానులు చేసే మార్పులతో) సహా ఆడాలంటే పీసీ. ఒక్క ఆట కోసం యాభై ఐదు వేలా అంటే, దీని ముందు ఆట జీటీఏ 5 మీద కొందరు పదేళ్లకు పైగా గడిపారు. వాళ్లకు అది ఖరీదైన బేరం కాదు.

ఎక్స్‌బాక్స్‌లో చిన్న మోడల్ సిరీస్ ఎస్ ను చౌక దారిగా చూసేవాళ్లు ఉంటారు. 10 జీబీ మెమరీతో, డిస్క్ డ్రైవ్ లేకుండా, ఐదేళ్లు దాటిన ఆ డబ్బా మీద ఇప్పుడు డబ్బు పెట్టమని నేను చెప్పను.

పోటీ ఆటలు ఆడేవాళ్లు

ఇక్కడ పెద్ద చర్చ అక్కర్లేదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 ఆడేవాళ్లు పీసీయే కొనాలి. వాలరెంట్ 2024లో కన్సోల్‌కు వచ్చింది కానీ కన్సోల్ వాళ్లను పీసీ వాళ్లతో కలిపి ఆడనివ్వరు. మీ స్నేహితులు కెఫేల్లో పీసీ మీద ఆడుతుంటే మీరు పీఎస్5 కొని ఒంటరవుతారు. ఈ ఆటలకు లక్ష రూపాయల పీసీ కూడా అక్కర్లేదు. ముంబై సర్వర్‌కు నిలకడైన ఫైబర్ కనెక్షన్, 144 హెర్ట్జ్ మానిటర్ ఉంటే మధ్యరకం కార్డు కూడా సరిపోతుంది.

అదే ఈఏ ఎఫ్‌సీ, టెక్కెన్, క్రికెట్ ఆటలు నలుగురు హాల్లో కూర్చుని ఆడాలంటే కన్సోల్‌కు సాటి లేదు. పీసీకి కూడా కంట్రోలర్లు తగిలించొచ్చు కదా అంటారు. తగిలించొచ్చు. కానీ బావమరిది వచ్చి కూర్చున్నాక విండోస్ అప్‌డేట్ మొదలైతే ఆ సాయంత్రం ఏమవుతుందో పీసీ ఉన్న ప్రతివాడికీ అనుభవమే.

రాబోయే డబ్బాలు

ఆగాలా వద్దా అన్నది తర్వాతి ప్రశ్న. మూడు వైపుల నుంచి కొత్త సరుకు వస్తోంది.

మొదటిది స్టీమ్ దుకాణాన్ని నడిపే వాల్వ్ కంపెనీ వాళ్ల స్టీమ్ మెషీన్, 2025 నవంబరులో ప్రకటించారు. ఆరంగుళాల ఘనం లాంటి చిన్న పెట్టె, టీవీ కింద పెట్టుకోవడానికి, లోపల స్టీమ్ఓఎస్. చూడ్డానికి కన్సోలే, నిజానికి పీసీ. రెండు మెలికలున్నాయి. కన్సోల్ కంపెనీల్లాగా నష్టానికి అమ్మబోమని, అదే స్థాయి పీసీ ధరకు దగ్గరగానే ఉంటుందని వాల్వ్ వాళ్లే చెప్పారు. రెండోది, స్టీమ్ఓఎస్ లినక్స్ మీద నడుస్తుంది కాబట్టి వాలరెంట్, బాటిల్‌ఫీల్డ్ 6, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటివి మోసాలు పట్టే సాఫ్ట్‌వేర్ కారణంగా అందులో నడవవు. పైగా వాల్వ్ చేతిలో పట్టే స్టీమ్ డెక్‌ను 2022లో తెచ్చినా ఇండియాలో అధికారికంగా అమ్మలేదు. ఈ పెట్టె కోసం మనం ఆగడంలో అర్థం నాకైతే కనపడటం లేదు.

రెండోది తర్వాతి ఎక్స్‌బాక్స్. ఏఎండీతో కలిసి చేస్తున్నామని, అది ఒకే దుకాణానికి కట్టిపడేసి ఉండదని మైక్రోసాఫ్ట్ 2025 జూన్‌లో చెప్పింది. ఆ దిశలో మొదటి అడుగు అదే ఏడాది అక్టోబరులో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే ఆర్ఓజీ ఎక్స్‌బాక్స్ ఆలై. పేరు ఎక్స్‌బాక్స్, లోపల విండోస్ 11, అందులో స్టీమ్ కూడా నడుస్తుంది. అంటే ఎక్స్‌బాక్స్ మెల్లగా పీసీలో కలిసిపోతోంది. ఇది తెలిశాక ఇవాళ సిరీస్ ఎక్స్ కొనడం కంటే అదే డబ్బును పీసీకి కలపడం మేలు. మైక్రోసాఫ్ట్ ఆటలన్నీ విడుదల రోజే పీసీకి వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఆటల నెల చందా గేమ్ పాస్ అల్టిమేట్ 2025 అక్టోబరులో అమెరికాలో 19.99 నుంచి 29.99 డాలర్లకు పెరిగింది, అప్పుడు మన దగ్గరా పెంచారు. పీసీ ఉన్నవాళ్లు పీసీకి మాత్రమే ఉండే చవక ప్లాన్ చూసుకుంటే చాలు.

మూడోది సోనీ. పీఎస్3 2006లో, పీఎస్4 2013లో, పీఎస్5 2020లో వచ్చాయి. ఏడేళ్ల లయ. 2025 అక్టోబరులో సోనీ ఇంజనీర్ మార్క్ సెర్నీ, ఏఎండీ వాళ్లతో కలిసి కూర్చుని తర్వాతి కన్సోల్ గ్రాఫిక్స్ పద్ధతుల గురించి మాట్లాడారు. అది ఇంకా కొన్నేళ్ల దూరంలో ఉందని ఆయనే అన్నారు. దానికోసం ఇప్పుడు ఆగనక్కర్లేదు. పీఎస్5 వచ్చిన రెండేళ్ల తర్వాత కూడా, 2022 నవంబరులో గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పీఎస్4 కి వచ్చింది. ఇవాళ కొన్న పీఎస్5 కూడా కొత్తది రాగానే మూలన పడదు.

ఆటను కంపెనీ సర్వర్ మీద నడిపి ఇంటర్నెట్‌లో మన తెరకు పంపే క్లౌడ్ గేమింగ్ గురించి క్లుప్తంగా: ఎక్స్‌బాక్స్ క్లౌడ్ 2025 నవంబరులో ఇండియాకు వచ్చింది. మంచి ఫైబర్ ఉంటే నిదానంగా సాగే ఆటలకు బాగుంటుంది. దీన్ని నమ్మి ఏ యంత్రమూ కొనకుండా ఉండే రోజు ఇంకా రాలేదు. గూగుల్ అంతటి కంపెనీ కూడా తన క్లౌడ్ గేమింగ్ సేవ స్టేడియాను 2023 జనవరిలో మూసేసింది.

మన ఇళ్లకు సంబంధించిన సంగతులు

విదేశీ సమీక్షల్లో కనిపించనివి కొన్ని ఉన్నాయి. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో పీసీ నడిపితే క్యాబినెట్‌లో గాలి ఆడటం ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. పీసీనైతే పక్క తలుపు తీసి బ్లోయర్‌తో కొట్టుకోవచ్చు. పీఎస్5 లో పైపలకలు తీసి దుమ్ము గూళ్లు శుభ్రం చేసుకోవడం వరకే మన పని.

కరెంటు విషయంలో పీఎస్5 పెద్ద ఆట ఆడేటప్పుడు దాదాపు 200 వాట్లు లాగుతుంది. మధ్యరకం పీసీ, మానిటర్ కలిపి 300 దగ్గర. రెండూ ఇంటి ఇన్వర్టర్ మీద నడిచేవే, కానీ అది ప్యూర్ సైన్ వేవ్ అయి ఉండాలి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఎస్ఎంపీఎస్‌లు (యంత్రానికి కరెంటు అందించే భాగాలు) మొరాయిస్తాయి. పీసీ కొంటే ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. షాపువాడు రెండు వేలు మిగులుద్దామని పేరూ ఊరూ లేనిది తగిలించబోతే ఒప్పుకోకండి.

ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లాడుంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. కోడింగ్, క్యాడ్, వీడియో ఎడిటింగ్, ఆట, నాలుగూ ఒకే యంత్రంలో అవుతాయంటే లక్ష రూపాయలకు ఇంట్లో అనుమతి దొరుకుతుంది. ఆటకు మాత్రమే అంటే యాభై ఐదు వేలకు కూడా దొరకదు. హాస్టల్లో ఉండే వాళ్లకు గేమింగ్ ల్యాప్‌టాప్ తప్పదు, అదే ధరకు డెస్క్‌టాప్ కంటే తక్కువ పనిచేస్తుందని తెలిసే కొనాలి. పదేళ్ల లోపు పిల్లల కోసమైతే కన్సోల్ మేలు. ఆడే సమయానికి, ఖర్చుకు హద్దులు పెట్టడం అందులో సూటిగా ఉంటుంది, పీసీలో పిల్లలు మనకంటే ముందే దారి కనిపెడతారు.

అమెరికాలో ఉన్న అన్నయ్యతో తెప్పించుకుందామనే ఆలోచన చాలామందికి ఉంటుంది. ధరలు పెరిగాక, అక్కడి సేల్స్ ట్యాక్స్ కూడా కలిపితే మామూలు పీఎస్5 మీద మిగిలేది పెద్దగా ఏమీ లేదు. ఇక్కడ వారంటీ వర్తించదు. పీఎస్5 లో పై మోడల్ అయిన ప్రో సంగతి వేరు. 2024 నవంబరులో అది విడుదలైనప్పుడు వైఫైకి కావాల్సిన 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు అనుమతి లేని దేశాల జాబితాలో పడి ఇండియాకు రాలేదు. స్విచ్ 2 ని అమ్మే నింటెండోకు ఇక్కడ అధికారిక అమ్మకాలే లేవు. వాటిని తెప్పించుకుంటే చెడిపోయినప్పుడు మనదే బాధ్యత అనుకుని తెప్పించుకోవాలి.

నేనైతే ఎవరికి ఏం చెబుతాను

ఉద్యోగం నుంచి అలసిపోయి వచ్చి, వారానికి నాలుగైదు గంటలు ఆడేవాళ్లు డిస్క్ ఉన్న పీఎస్5 తీసుకోండి. వెనక్కి తిరిగి చూడొద్దు. చదువుకో పనికో ఎలాగూ కంప్యూటర్ కావాల్సినవాళ్లు, పోటీ ఆటలు ఆడేవాళ్లు, మోడ్‌లు వేసుకోవడం ఇష్టమున్నవాళ్లు పీసీ తీసుకోండి. ర్యామ్ ధరలు చల్లబడే దాకా పాత భాగాలతో నెట్టుకురాగలిగితే ఇంకా మంచిది. ఇప్పటికే స్టీమ్‌లో యాభై ఆటలున్నవాళ్లు కన్సోల్ వైపు చూడాల్సింది జీటీఏ 6 కోసమే. ఇప్పటికే పీఎస్4 డిస్కుల గుట్ట ఉన్నవాళ్లకు పీఎస్5 కొంటే ఆ గుట్టంతా పనికొస్తుంది. విండోస్ 10 కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కొత్త బాటిల్‌ఫీల్డ్, కాల్ ఆఫ్ డ్యూటీలు పీసీలో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉండాలంటున్నాయి. కాబట్టి చవకగా దొరికిందని మరీ పాత సెకండ్ హ్యాండ్ పీసీ తీసుకునే ముందు అది విండోస్ 11 కి సరిపోతుందో లేదో చూసుకోండి.

ఏది కొన్నా అకౌంట్ మాత్రం మీ సొంత ఈమెయిల్‌తో, ఇండియా రీజియన్‌తో తెరవండి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో సగం ధరకే ఆట అంటూ ఇంకొకరి అకౌంట్ లాగిన్ అమ్ముతుంటారు. అసలు యజమాని పాస్‌వర్డ్ మార్చిన రోజున ఆటా, డబ్బూ రెండూ పోతాయి, ఫిర్యాదు చేయడానికి మీ పేరు మీద రసీదు కూడా ఉండదు.